ఇద్దరు ప్రధానుల కింద ఒక సైకిల్

మా గోస్పాడులో అరవై దాటిన మనిషి సైకిల్‌కు కొత్త టైర్లు వేయించి, వసారాలో కూర్చుని రిమ్ములు తుడుస్తూ కనిపిస్తే ఊరికి రెండే అనుమానాలు. ఎలక్షన్లన్నా దగ్గర పడుండాలి, కొడుకన్నా అన్నం పెట్టకుండా ఉండాలి. హైదరాబాదుకు పోతున్నానని చెప్పాక మూడోది పుట్టింది. "బస్సుకు దుడ్లు లేవా సారూ? నేనిస్తా పట్టు" అని టీ అంగడాయన జేబులో చెయ్యి పెట్టినాడు.

ఆయన తప్పేం లేదు. నంద్యాలలో బస్టాండు ఉంది, రైలు ఉంది. ఓర్వకల్లు బండల మధ్య 2021లో విమానాశ్రయమే తెరిచి, దానికి మా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1847లో ఈ నేల కోసం ఉరికంబం ఎక్కిన మనిషి పేరు తీసుకుపోయి గాల్లో ఎగిరేదానికి తగిలించారు. నేల మనుషుల పేర్లు గాలికి పెట్టడం మన సర్కార్లకు పాత అలవాటే. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి, హైదరాబాదు చేరాక పనికొస్తుంది.

నేను లెక్కల సారును. ఇంటి నుంచి బడికి ఆరు కిలోమీటర్లు, మళ్లీ ఆరు. ఏడాదికి 220 పనిదినాలు, ముప్పై ఏళ్ల సర్వీసు. మొత్తం 79,200. భూమి చుట్టుకొలత 40,000 చిల్లర. అంటే భూగోళాన్ని దాదాపు రెండు చుట్లు చుట్టి, సైకిల్ మీద ఒక్కసారైనా కర్నూలు దాటని మొనగాణ్ని. రిటైరయ్యాక ఈ లెక్క నిద్ర పట్టనివ్వలేదు. మేనల్లుడు మెహదీపట్నంలో అపార్ట్‌మెంటు కొన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా "రా మామా, మా ఇల్లు చూడవా" అంటాడు. వస్తానన్నాను. ఎట్లా వస్తానో మాత్రం చెప్పలేదు.

సైకిల్ అట్లాస్. దాని కథ దానిది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా ఆ జూన్ 3నే అట్లాస్ వాళ్లు సాహిబాబాద్ ఫ్యాక్టరీకి తాళం వేశారు. పుట్టినరోజు నాడు తద్దినం పెట్టడం అంటే ఇదే. నా బండి అప్పటి నుంచి తల్లి లేని పిల్ల.

"సైకిల్ యాత్ర" అనే మాట నోటితో అనడానికి కూడా మా వైపు ధైర్యం కావాలి. సైకిల్ తొక్కడం, ఫ్యాన్ కింద పడుకోవడం, గాజుగ్లాసులో టీ తాగడం, మూడూ మా జిల్లాలో రాజకీయ ప్రకటనలే. చెయ్యి ఊపినా అనుమానమే. పైగా నాయకులు చేసే సైకిల్ యాత్ర ఎట్లుంటుందో అందరికీ తెలుసు. కెమెరా ముందర ఒక ఫర్లాంగు, కెమెరా వెనక ఏసీ కారు. అందుకే నేను అడిగినవాళ్లందరికీ "మోకాళ్ల నొప్పులకు డాక్టరు తొక్కమన్నాడు" అని చెప్పి తెల్లవారుజామున మూడు గంటలకు దొంగలా ఊరు దాటాను.

నంద్యాల దాటి కర్నూలు రోడ్డెక్కాక తెల్లారింది. ఒకప్పుడు ఈ దారికి అటూ ఇటూ చింతచెట్లు ఉండేవి. నాలుగు లైన్లు వేశారు, చెట్లు పోయాయి, పాత 18 నంబరు హైవే కాస్తా 40 అయింది. నంబరుకు నీడ ఉండదు. ఎండ మాత్రం ఈ సీమలో ఎప్పుడూ నిండుగా పండుతుంది. ఈ దారికి దగ్గర్లోనే గని, శకునాల ఊళ్ల భూముల్లో దాదాపు ఆరు వేల ఎకరాల మీద అద్దాలు పరిచి 1,000 మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. 2017లో మొదలైనప్పుడు ప్రపంచంలో అంత పెద్ద సోలార్ పార్కులు కొన్నే. ఆ అద్దాల కింద మట్టికి నీడ ఉంది, చీమకు నీడ ఉంది. ఆ పక్క రోడ్డు మీద పోయే మనిషికి తువ్వాలే దిక్కు.

హైవే మీద సైకిల్ తొక్కడం అంటే తొక్కడం అనుకుంటారు తెలియనివాళ్లు. తొక్కడం తక్కువ, దిగడం ఎక్కువ. వెనక లారీ హారన్ కొడితే మట్టిలోకి దిగాలి. ఎదురుగా తప్పు దారిలో ట్రాక్టరు వస్తే దిగాలి. తెల్లగీత పక్కన ఎవరో మిరపకాయలు ఆరబోసుకుంటే దిగాలి. ఎమ్మెల్యే గారి కాన్వాయ్ వస్తే దిగి, నిలబడి, నవ్వాలి కూడా. నంద్యాల నుంచి కర్నూలు దాకా లెక్క పెట్టాను. నలభై ఒక్కసార్లు దిగాను. అన్నిసార్లూ నాదే తప్పు అన్నట్టు చూశారు.

రోడ్డు ఇంజనీర్ల పుస్తకంలో ఒక లెక్క ఉంది. ఏ బండి రోడ్డును ఎంత ఆక్రమిస్తుందో కొలిచే లెక్క. కారు ఒకటి. బస్సు, లారీ మూడు. ఎద్దుల బండి ఎనిమిది! సైకిల్ అర. లెక్కల సారుగా ఆ అరకు నాకేం అభ్యంతరం లేదు. ఒప్పుకున్న ఆ అర ఎక్కడుందో చూపించమంటున్నాను, అంతే. మూడు రోజులు వెతికాను. తెల్లగీతకు అవతల గుంతలు, పగిలిన బీరు సీసాలు, చచ్చిన కుక్కలు కనిపించాయి గాని ఆ అర కనపడలేదు.

ఆ రాత్రి కర్నూలులో చుట్టాలింట్లో పడుకుని, మర్నాడు చీకటితోనే తుంగభద్ర దాటాను. పుల్లూరు టోల్ గేటు దగ్గర సైకిల్‌కు రుసుము లేదు. రుసుము లేనిదానికి దారి కూడా ఉండదని అక్కడే తెలిసింది. అంచున ఒక సందు, సందులో ఒక బారికేడు, బారికేడు మీద ఆరేసిన ఎవరిదో లుంగీ. లుంగీ తప్పించుకుని తెలంగాణలోకి ప్రవేశించాను. బీచుపల్లి దగ్గర కృష్ణ మాత్రం నన్ను ఏమీ అడగలేదు. వంతెన మీద పది నిమిషాలు నిలబడ్డాను. గాలి చల్లగా వీచింది. మూడు రోజుల్లో నేను నా ఇష్టంతో దిగింది అక్కడొక్కచోటే.

అడ్డాకుల దాటాక ముగ్గురు కుర్రవాళ్లు పక్కన చేరారు. ఒంటికి అతుక్కున్న చొక్కాలు, తలకు పుచ్చకాయ చెక్కల్లాంటి టోపీలు. వాళ్లది బ్రెవే అట. 300 కిలోమీటర్లు 20 గంటల్లో తొక్కితే కార్డు మీద ముద్ర వేస్తారట. ముచ్చటైన పిల్లలే, నీళ్లిచ్చారు, ఉప్పు బిళ్ళ ఇచ్చారు. "అంకుల్, ఎన్ని గేర్లు?" అన్నారు. "ఎత్తు వస్తే దిగి తోస్తా. అదొక్కటే గేరు" అన్నాను. "యూ ఆర్ అన్ ఇన్‌స్పిరేషన్" అని ఫోటో దిగారు. సరిగ్గా ఆ ఫోటో దిగుతున్నప్పుడే రెండు పాల క్యాన్లు కట్టుకున్న ముసలాయన మా పక్క నుంచి పోయాడు. ఆయన రోజూ పోతాడు. ఆయనకెవరూ ముద్ర వెయ్యరు. ఫోటోలో అడ్డం వచ్చాడని ఇంకోసారి తీశారు.

మన దేశంలో సైకిల్ కులాలు రెండు. తొక్కక తప్పనివాడిది ఒకటి, తొక్కనక్కర్లేనివాడిది ఒకటి. రెండోవాడు తొక్కితే ఆరోగ్యం, పర్యావరణం. మొదటివాడు తొక్కితే ట్రాఫిక్‌కు అడ్డం. 2020 లాక్‌డౌన్‌లో నాన్నను వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా 1,200 కిలోమీటర్లు తొక్కిన పదిహేనేళ్ల బిహారు పిల్ల గుర్తుందా? అమెరికా అధ్యక్షుడి కూతురు అందమైన సాహసమని మెచ్చుకుంది. సైక్లింగ్ సమాఖ్య ట్రయల్‌కు రమ్మని పిలిచింది. ఆ పిల్లకు ఆ వేళ కావలసింది ఒక బస్సు. బస్సు తప్ప అన్నీ ఇచ్చారు.

జడ్చర్లలో లాడ్జి. రిజిస్టరులో "వాహనం నంబరు" అని గడి ఉంది. సైకిల్ అన్నాను. గుమాస్తా కాసేపు పెన్ను చెవి మీద పెట్టుకుని ఆలోచించి "నిల్" అని రాశాడు. నేను గీత మీద ఉన్నానా, సున్నా మీద ఉన్నానా అన్నది ఆ గడిలోనే తేలిపోయింది. అర కాస్తా నిల్ అయింది.

మూడో రోజు షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్. ఊరు దగ్గరపడే గుర్తులు మాకు తెలుసు. గుడి శిఖరం, నీళ్ల ట్యాంకు, కుక్కలు. పట్నం దగ్గరపడే గుర్తులు వేరు. పొలాల్లో రాళ్లు పాతి "గేటెడ్ కమ్యూనిటీ" అని రాసి ఉంటుంది. ఒక్కో బోర్డు మీద ఒక ఇల్లు, ఒక కారు, ఒక కుక్కపిల్ల, దాంతో పాటు సైకిల్ తొక్కుతూ నవ్వుతున్న ఒక పిల్లవాడు. గమనించాను, హైదరాబాదులో సైకిల్‌కు గౌరవంగా చోటిచ్చింది ఆ ప్లాట్ల బోర్డుల మీదే. తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ గుండ్రటి గీత మీద సైకిల్ పెట్టరాదు, మోటారు సైకిలూ పెట్టరాదు. రాముడి తమ్ముడు గీసిన గీత లోపలున్నవాళ్లను కాపాడ్డానికి. ఇది ఎవరిని ఎవరి నుంచి కాపాడుతుందో.

అట్లా, మధ్యాహ్నం మూడు గంటలకు, ఆరాంఘర్ చేరాను.

ఆరాంఘర్ అంటే విశ్రాంతి మందిరం. పేరు పెట్టినవాడు ఎప్పుడన్నా తిరిగొచ్చి చూస్తే బాగుండు. నాలుగు దిక్కుల నుంచి హారన్లు, మధ్యలో ఒక కానిస్టేబులు. తల ఎత్తితే రెండు వంతెనలు. ఒకటి మెహదీపట్నానికి, ఒకటి జూపార్కుకు. ఆ రెంటి పేర్లు చదివాక సైకిల్ స్టాండు వేసి పిట్టగోడ మీద కూర్చున్నాను. ఎండ దెబ్బ కాదు. చరిత్ర దెబ్బ.

మెహదీపట్నం వైపుది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే. 11.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. ఈ పీవీ గారు ఎవరనుకున్నారు? మా మనిషి. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు. ఆరు నెలల్లో ఎక్కడి నుంచన్నా నెగ్గాలి. ఎక్కడి నుంచి నెగ్గాడు? మా నంద్యాల నుంచి. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీ రామారావు గారు పోటీయే పెట్టలేదు. దాని అర్థం చూడండి. ఆ నవంబరు ఉప ఎన్నికలో బ్యాలెట్ కాగితం మీద రామారావు గారి సైకిల్ గుర్తు లేదు. పీవీ గారు వస్తున్నారని సైకిల్ తనంతట తాను మట్టిలోకి దిగి దారి ఇచ్చింది. 5,80,000 పైచిలుకు మెజారిటీ. దేశం నోరెళ్లబెట్టింది. ఆ వరుసలో నిలబడి వేలికి సిరా పూయించుకున్నవాళ్లలో నేనొకణ్ని. ఓటు వెయ్యడానికి పోయింది కూడా సైకిల్ మీదే.

ఆయన పేరు పెట్టిన వంతెన మీదికి మాత్రం సైకిల్‌ను రానివ్వరు. మోటారు సైకిళ్లూ వద్దు, ఆటోలూ వద్దు.

జూపార్కు వైపుది మన్మోహన్ సింగ్ ఫ్లైఓవర్. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, 2025 జనవరి 6న తెరిచారు. పీవీ గారి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత ప్రధాని. 1991 జూలై 24న ఆయన చదివిన బడ్జెట్‌తో దేశం తలుపులు తెరుచుకున్నాయని అప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. గురువు ఒక పక్క, శిష్యుడు ఒక పక్క, ఒకే కూడలిలో, గాల్లో. దేశానికి తలుపులు తీసిన ఇద్దరూ పైనున్నారు, తలుపు ఎక్కడుందో తెలియని నేను కింద ఉన్నాను.

2011 జనాభా లెక్కల్లో దేశంలో నూరిళ్లకు దాదాపు నలభై ఐదిళ్లలో సైకిల్ ఉంది. కారు ఉన్నవి అయిదిళ్లు కూడా లేవు. 2006లో కేంద్రం రాసుకున్న పట్టణ రవాణా విధానంలో బండ్లను కాదు, మనుషులను కదిలించాలని ఉంది. బంగారంలాంటి మాట. అంత బంగారాన్ని రోడ్డు మీద పెడతారా ఎవరన్నా? బీరువాలో పెట్టారు.

సరే, అడిగి చూద్దామని లేచాను.

"సార్, మెహదీపట్నం పోవాల. దీని మీద పోవచ్చా?"

కానిస్టేబులు నన్ను చూశాడు, సైకిల్‌ను చూశాడు, క్యారియర్ మీది గోనెసంచి చూశాడు. "ఏడికెల్లి వస్తున్నవ్ కాకా?"

"గోస్పాడు. నంద్యాల పక్క."

"నంద్యాల నుంచి గీ సైకిల్ మీదనా?" ఒక్క క్షణం ఆయన కళ్లలో నిజమైన ఆశ్చర్యం మెరిసింది. అది మనిషిది. మరుక్షణం డ్యూటీ వచ్చేసింది. "పైకెల్లి కార్లే పోతయ్. నువ్వు కిందికెల్లి పో."

"ఈయనకు ఓటేసినోణ్ని సార్" అన్నాను బోర్డు చూపిస్తూ.

"అందరం ఏసినోళ్లమే కాకా. పక్కకు జరుగు, బస్సొస్తుంది."

గోస్పాడులో "సారూ", అడ్డాకులలో "అంకుల్", ఆరాంఘర్‌లో "కాకా". మూడు వందల కిలోమీటర్లలో నా హోదా ఎట్లా దిగిందో నా మోకాళ్లకు తెలుసు. అయినా ఆయన మంచివాడే. బస్సును పంపించి మళ్లీ పిలిచాడు. "కాకా, సైకిళ్లకు మస్తు ట్రాక్ కట్టిన్రు. నెత్తిమీద సోలార్ కప్పు. అప్పా జంక్షన్ దిక్కు పో."

అప్పా అనగానే మా వైపు పిలుపులా వినపడి ప్రాణం లేచొచ్చింది. విచారిస్తే అది పోలీస్ అకాడమీ పేరు. అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి, మొత్తం 23 కిలోమీటర్లు. 2023 అక్టోబరు 1న తెరిచారు. పైకప్పు నిండా పలకలు, 16 మెగావాట్లు. చెప్పాను కదా, మా వైపు 1,000 మెగావాట్ల ఎండ ఉంది, రోడ్డు మీద నీడ లేదు. ఇక్కడ 16 మెగావాట్ల నీడ ఉంది. అందం సంగతి ఒప్పుకోవాలి, చక్కగా ఉంటుందట. ఒక్కటే చిక్కు. అది అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంటుంది. నాకు కావలసింది మెహదీపట్నం. పాలవాడికి కావలసింది పాల కేంద్రం, కూలివాడికి అడ్డా. దాని మీద తొక్కాలంటే ముందు దాని దాకా పోవాలి. దాని దాకా పోవాలంటే కారు నెత్తిన సైకిల్ కట్టుకోవాలి. సైకిల్ తొక్కాలంటే కారు ఉండి తీరాలన్న ఈ సిద్ధాంతం లెక్కల పుస్తకంలో ఏ పాఠంలోనూ నేను చెప్పలేదు.

కిందికే దిగాను. పదకొండు కిలోమీటర్లు పీవీ గారి నీడలోనే నడిచింది నా ప్రయాణం. ఆ మాటకొస్తే మూడు రోజుల్లో నాకు దొరికిన మొదటి నీడ అదే, కృతజ్ఞత చెప్పుకోవాలి. సంస్కరణల ఫలాలు పైనుంచి మెల్లగా కిందికి కారుతాయని ఆ రోజుల్లో పేపర్లలో చదివేవాళ్లం. నమ్మనివాళ్లు వచ్చి చూడండి. కారుతున్నాయి. ముందురోజు వాన నీళ్లు వంతెన అతుకుల్లోంచి చుక్క చుక్క నా వీపు మీద కారాయి. తుంగభద్ర, కృష్ణ దాటినవాణ్ని అత్తాపూర్ దగ్గర మూసీని ముక్కు మూసుకుని దాటాను. పళ్ల బండ్లు, ఆటోలు, ఆర్టీసీ బస్సులు, ఎదురొచ్చే స్కూటర్లు. పైన పట్టనివన్నీ కింద ఉన్నాయి. ఊరంతా కిందే ఉంది.

మేనల్లుడి అపార్ట్‌మెంటు చిరునామా పిల్లర్ నంబరు. ఈ నగరంలో వంతెన మీద ఎక్కనివ్వకపోయినా దాని కాళ్లు పట్టుకునే ఇల్లు వెతుక్కోవాలి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "డెలివరీయా? సర్వీస్ లిఫ్టుల పోవాలె." చుట్టరికం అన్నాను. నమ్మలేదు. అల్లుడు దిగొచ్చాడు. "మామా! సైకిలేంది మామా?" అని నవ్వాడు, వాటేసుకున్నాడు, చుట్టూ చూశాడు ఎవరన్నా చూస్తున్నారా అని. రాత్రి కూతురి చేత ఫోటో తీయించి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అరవై మూడేళ్ల మా మామ, నంద్యాల నుంచి సైకిల్ మీద, మూడు వందల కిలోమీటర్లు. పది నిమిషాల్లో నలభై చప్పట్లు. అసోసియేషన్ సెక్రటరీ గారు మూడు దండాలు, ఒక జెండా పెట్టి "మన కాలనీకే గర్వకారణం" అని రాశారు.

అన్నం కర్నూలు సోనా. మా వైపు బియ్యం. లారీ ఎక్కి నాకన్నా ముందే వచ్చింది, సర్వీస్ లిఫ్టు ఎక్కకుండా వంటింట్లోకి పోయింది.

ముద్ద నోట్లో ఉండగానే ఫోన్ మళ్లీ మోగింది. అదే గ్రూపు, అదే సెక్రటరీ గారు. "విజిటర్ పార్కింగ్‌లో ఎవరో పాత సైకిల్ పెట్టారు. దయచేసి వెంటనే తీయగలరు."

అల్లుడు నా మొహం చూడలేక పప్పు వడ్డించాడు. నేను కిందికి దిగి సైకిల్ తీశాను. లెక్క పెట్టిన దిగడాల్లో నలభై రెండోది. వాచ్‌మన్ తన గది వెనక చోటు చూపించాడు. అక్కడ ఇంకో సైకిల్ ఉంది. అతనిదే. "ఈడ పెట్టు పెద్దాయనా, ఎవ్వరు చూడరు" అన్నాడు.

తెల్లారి అల్లుడు ఒక ఏర్పాటు చేశాడు. బియ్యం దించి ఖాళీగా నంద్యాల పోయే లారీ ఆరాంఘర్ దగ్గర ఆగుతుంది, నన్నూ సైకిల్‌నూ ఎక్కించుకుంటుంది. అక్కడిదాకా కారు. సైకిల్‌ను తలకిందులు చేసి కారు నెత్తిన నైలాన్ తాడుతో కట్టాడు. మెహదీపట్నంలో వంతెన ఎక్కాం. ఎవరూ ఆపలేదు. పదకొండు కిలోమీటర్లు, ఒక్క హారన్ లేదు, ఒక్క దిగడం లేదు, చల్లటి గాలి. పీవీ గారి బాట మీద నా అట్లాస్ వెల్లకిలా పడుకుని, చక్రాలు రెండూ ఆకాశానికి చూపిస్తూ దొరలా పోయింది.

ఆరాంఘర్‌లో దిగాం. నిన్నటి కానిస్టేబులే ఉన్నాడు. చెయ్యి ఊపి, బస్సును ఆపి, మా కారుకు దారి ఇచ్చాడు. నెత్తిన ముందు చక్రం గాలికి ఇంకా తిరుగుతూనే ఉంది.